వెనక బ్రేకు

ఆ రోజు ఆయన నాకంటే ముందు లేచారు. నా అనుమానం అక్కడ మొదలైంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఇంట్లో నాకంటే ముందు లేచింది అలారం ఒక్కటే. అలాంటిది నేను వంటింట్లో లైటు వేసేసరికి ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. లేచారు గానీ కాఫీ కలుపుకోలేదు, అది వేరే సంగతి. "నిద్ర పట్టలేదోయ్, నీ గురించే ఆలోచన," అన్నారు. నా గురించి ఆలోచిస్తూ నిద్ర మానుకునే మనిషైతే కాదాయన. నేను పురిటినొప్పులు పడుతుంటే ఆసుపత్రి బెంచీ మీద గురక పెట్టాడని మా అమ్మ పోయేదాకా చెప్పుకుంది.

కాఫీ ఇచ్చాను. అత్తయ్యకు జావ కాచి ఫ్లాస్కులో పోశాను. ఆవిడ పొద్దుటి మాత్రలు ఒక గిన్నెలో, మధ్యాహ్నం మాత్రలు ఇంకో గిన్నెలో వేసి మంచం పక్కన పెట్టాను. కూర వండి మూతపెట్టాను. బియ్యం కడిగి కుక్కర్లో పోసి, స్విచ్చి నొక్కితే చాలన్నట్టు ఉంచాను. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడూ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చెయ్యాల్సిన పోటీకి వెళ్తున్నాను నేను. ట్రయథ్లాన్ అంటారు. అందరికీ అది మూడు పందేలు. నాలాంటిదానికి నాలుగు. మొదటిది వంటింట్లోనే అయిపోతుంది, దానికి గడియారం పట్టుకుని ఎవరూ నిలబడరు.

చేతులు తుడుచుకుందామని తలుపు వెనక మేకుకున్న తువ్వాలు అందుకున్నాను. అది ఆయన తువ్వాలు. దాని అంచు మీద బొటనవేలంత నల్లటి మరక.

నేను రెడీమేడ్ బట్టల కంపెనీలో చెకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ట్యూబులైటు కింద నిలబడి, కుట్టి వచ్చిన ప్రతి చొక్కానీ తిరగేసి, ఎక్కడ కుట్టు జారింది, ఎక్కడ మిషను నూనె పడింది, ఏ జేబు వంకరపోయింది అని చూడటమే నా పని. అంటే అనుమానపడటమే నా ఉద్యోగం. అక్కడ దానికి జీతమిస్తారు. ఇంట్లో అదే పని చేస్తే అనుమానపు పక్షి అని పేరు పెట్టారు. అత్తయ్య అయితే, "దీని కళ్ళు పడితే దేవుడి చొక్కాకి కూడా చిరుగు తేలుతుంది," అంటుంది. మసి నలుపు వేరు, జుట్టుకు వేసే రంగు నలుపు వేరు. ఇది సైకిలు గ్రీజు నలుపు. నా సైకిలు రాత్రంతా హాల్లో గోడకు ఆనించి ఉంది. ముందురోజు సాయంత్రం నేనే దాన్ని తుడిచి, చైనుకు నూనె పెట్టి, చక్రాలు రెండూ గాల్లో తిప్పి చూసి పెట్టాను. ఆ తర్వాత దాని మీద ఎవరి చెయ్యి పడింది?

చూద్దామని హాల్లోకి వెళ్తే సైకిలు లేదు. "కారుకి కట్టేశాను," అన్నారు ఆయన. "నీకెందుకు శ్రమ."

ఏమీ అడగలేదు నేను. ఉద్యోగంలో చేరిన రోజునే మా సూపర్‌వైజరు చెప్పింది: మరక కనబడగానే అరవకూడదు, ముందు లాటు మొత్తం, అంటే ఆ కట్టలో వచ్చిన బట్టలన్నీ, చూడాలి. తువ్వాలు మడిచి, మరక లోపలికి పోయేలా మేకుకి తగిలించాను.

ఇంతలో అమ్మాయి కళ్ళు నులుముకుంటూ గదిలోంచి వచ్చింది. కాలేజీ ఉన్న రోజు కూడా నాలుగుసార్లు పిలిస్తే గానీ లేవని పిల్ల. "నేనూ వస్తానమ్మా," అంది, జిప్పు జాకెట్టు తొడుక్కుని, రెండు చేతులూ జేబుల్లో దోపుకుని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఊరికే వస్తున్నారంటే ఎందుకా అని ఆలోచిస్తాను గానీ, కూతురు వస్తానంటే ఆలోచించేదేముంది.

అత్తయ్య మంచం మీదనుంచే సాగనంపింది. "నీళ్ళల్లో దూకడం, సైకిలు తొక్కడం, ఆనక పరిగెత్తడం. ఎవరు తరుముతున్నారే నిన్ను?"

కారులో వెనక సీట్లో కూర్చుని ఆయన మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన జాగ్రత్త మనిషి. మా ఇంట్లో కుళాయి ఎంత తిప్పినా సన్నటి ధారే వస్తుంది, కింద ఎక్కడో ఆయన బిగించి పెట్టారు. పొయ్యి మంట ఒక హద్దు దాటి లేవదు. పెళ్ళయిన కొత్తలో నాకు స్కూటరు నేర్పించింది కూడా ఆయనే. ఎంత తిప్పినా ఆ స్కూటరు నలభై దాటేది కాదు. నా మణికట్టులోనే బలం లేదేమో అనుకునేదాన్ని. అమ్మేసేటప్పుడు కొన్నవాళ్ళ మెకానిక్కు విప్పి చూస్తే, యాక్సిలరేటరు తీగె పూర్తిగా లాగబడకుండా లోపల ఒక చిన్న గొట్టం ముక్క అడ్డుంది. "నేనే పెట్టించాను," అని నవ్వారు ఆయన. "నీ మంచికే." ఆ తర్వాత ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఆ కథ చెప్పేవారు. అందరూ నవ్వేవాళ్ళు, వాళ్ళతోపాటు నేనూ నవ్వేదాన్ని. ఏళ్ళ తరబడి ప్రతి సిగ్నలు దగ్గరా నా వెనక హారను కొట్టినవాళ్ళు గుర్తొచ్చి మాత్రం చెవులు వేడెక్కేవి.

తువ్వాలు మీద మరక చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గొట్టం ముక్కే.

ఈసారి ఆయనకు కారణం కూడా ఉంది. పోయినేడాది ఇదే పోటీలో కొండ దిగుతుంటే, తడిసిన మలుపు దగ్గర బ్రేకు పట్టలేదు. రోడ్డు పక్క రాళ్ళల్లో పడ్డాను, కుడికాలు ఎముక విరిగింది. రెండు నెలలు వెనక గదిలో మంచానికి అంటుకుపోయాను. "నువ్వేం ఆలోచించకు, వంటమనిషిని పెట్టాను," అన్నారు ఆయన. వేళకు కంచం వచ్చేది. అమ్మాయి తెచ్చి ఇచ్చేది. వండిన చెయ్యి ఎవరిదోగానీ, కూరలో ఒకరోజు ఉప్పుండేది కాదు, ఒకరోజు నోరు మండేంత కారం ఉండేది. "ఈ వంటావిడకు ఎవరు నేర్పారే వంట," అని అమ్మాయి దగ్గర విసుక్కునేదాన్ని. అది కంచం తీసుకుని వెళ్ళిపోయేది. "ఇంట్లో ఏ లోటూ తెలియలేదు," అని ఆయన ఆఫీసులో అందరికీ చెప్పుకున్నారు. తెలిసిందల్లా ఒక్కటే, అమ్మాయి ఆ పరీక్షల్లో ఒక పేపరు తప్పింది. "ఎప్పుడు చూసినా ఫోనే కదా," అన్నారు ఆయన. నేనూ ఆయనతో గొంతు కలిపాను.

కట్టు విప్పి, కుంటుకుంటూ నడిచి, మళ్ళీ సైకిలెక్కి, ఈ ఏడాదీ పేరిచ్చానని చెప్పిన రోజున, భోజనాల దగ్గర అత్తయ్య ముందు, అమ్మాయి ముందు ఆయన షరతు పెట్టారు. "సరే. ఈ ఒక్కసారి. వాళ్ళు పెట్టిన గడువులోపల పూర్తిచేస్తే ఇక నేను నోరెత్తను. చెయ్యలేకపోయావా, సైకిలు అమ్మేద్దాం. అక్కడితో ఈ గోల ఆగిపోవాలి."

"సరే," అన్నాను. అత్తయ్య నా కంచం వైపు చూసి, "అన్నం పెట్టుకో, తొక్కాలి కదా," అంది. అమ్మాయి తల వంచుకుని తింటోంది.

నాకు ఆ సైకిలంటే ఏమిటో ఆయనకు చెప్పే ప్రయత్నం ఒకసారి చేశాను. నడుంనొప్పికి డాక్టరు ఈత కొట్టమంటే, వారంలో మూడు సాయంత్రాలు ఆడవాళ్ళకు కేటాయించిన గంటలో కొలనుకి వెళ్ళేదాన్ని. నీళ్ళలో తల ముంచితే ఎవరూ పిలవరు. పిలిచినా వినబడదు. ఆ గంట కోసం వారమంతా బతికేదాన్ని. అక్కడ పరిచయమైన రిటైరైన డ్రిల్లు టీచరు, ఆవిణ్ణి అందరం డ్రిల్లమ్మ అంటాం, నన్ను సైకిలెక్కించింది, తర్వాత పరుగులోకి దింపింది. కొండెక్కుతున్నప్పుడు కాళ్ళు మండుతాయే, ఆ మంట పూర్తిగా నాది, దాంతో ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. అలాంటిది నా జీవితంలో అదొక్కటే. ఇదంతా చెబితే ఆయన విని, "అంటే మా దగ్గరనుంచి పారిపోవాలనుందన్నమాట," అన్నారు. కంపెనీలో మేనేజరు దగ్గర సెలవడిగితే ఆయన ఇంకో రకం. "ఈ వయసులో పరుగుపందెమా మేడమ్? ఆ పరుగేదో లైన్లో పెడితే మన టార్గెట్టన్నా పూర్తవుతుంది."

చెరువు గట్టు మీద జనం చీమల్లా ఉన్నారు. ఒక బల్ల దగ్గర నా భుజం మీద నంబరు రాశారు. వంగి, పిక్క మీద నా వయసు రాశారు. ఇక్కడ అదొక పద్ధతి, వెనక వచ్చేవాళ్ళకు ముందున్నవాళ్ళు తమ వయసువాళ్ళో కాదో తెలియడానికట. ఇంట్లో ఎవరికీ గుర్తుండని నా వయసు నల్లటి అంకెలతో కాలి మీద అందరికీ కనబడేలా ఉంది.

సైకిళ్ళు పెట్టే చోట ఇనుప కడ్డీలకు వందల సైకిళ్ళు సీట్లతో వేలాడుతున్నాయి, మధ్యలో చెయ్యి దూరే సందు కూడా లేదు. నా సైకిలుని ఆయన భుజాన వేసుకుని గేటు దాకా మోసుకొచ్చారు. అది కూడా అనుమానమే. ఇంటికి గ్యాసు బండ వస్తే గుమ్మందాకా కూడా దొర్లించని మనిషి. లోపలికి పోటీదారులు తప్ప ఎవరూ రాకూడదు కాబట్టి నేను తీసుకుని కడ్డీకి తగిలించి, ఉన్న కాసేపట్లో లాటు మొత్తం చూశాను. టైర్లలో గాలి నొక్కి చూశాను. సీటు మరలు ఊపి చూశాను. చైను చూశాను. అన్నిటికంటే శ్రద్ధగా బ్రేకులు చూశాను, నన్ను పోయినేడాది పడేసింది అవే కాబట్టి. ముందుది నొక్కాను, పట్టుకుంది. వెనకది నొక్కాను, ఇంకా గట్టిగా పట్టుకుంది. బాగానే ఉందే అనుకున్నాను. కాస్త సిగ్గు కూడా వేసింది. పాపం, ఆయన నిజంగానే నిద్రపోలేదేమో. తువ్వాలుకి సైకిలు కడుతుంటే అంటుకుందేమో.

పందెం మొదలైనట్టు సైరను కూసింది. అందరం నీళ్ళలోకి ఒక్కసారి తోసుకున్నాం. కొలనులో ఈత వేరు, ఈ గుంపులో ఈత వేరు. ఎవరి మోచెయ్యో నా చెంప మీద, ఎవరి మడమో నా భుజం మీద. ఒక చెయ్యి నా వీపు మీద పడి అక్కడే ఆగింది. పొరపాటున పడిన చెయ్యి వెంటనే జారుతుంది, ఆగిన చెయ్యి సంగతి ప్రతి ఆడదానికీ తెలుసు. నేను కాళ్ళు ఎత్తి గట్టిగా తన్నాను. ఎవరికి తగిలిందో తెలియదు గానీ వెనక ఒకడు నీళ్ళు మింగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నా చుట్టూ కాస్త చోటు దొరికింది.

ఒడ్డెక్కి, తడి కాళ్ళకే షూలు తొడిగి, సైకిలు లాక్కుని రోడ్డు మీదికి వచ్చాను. గుంపులో ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. అందరితోపాటు నేనూ కదులుతున్నాను. కొండ మొదలైంది.

అది ఒకదాని మీద ఒకటి పేర్చిన మలుపుల రోడ్డు. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ, మధ్యలో మనుషులు. కొందరు తొక్కుతున్నారు, కొందరు దిగి తోసుకుంటున్నారు. వెనకనుంచి మగపిల్లలు నా పిక్క చదువుకుంటూ వస్తున్నారు. "ఆంటీ, కొంచెం పక్కకి," "ఆంటీ, సూపర్," "ఆంటీ, మెల్లగా రండి, కంగారులేదు." నాకే కంగారుగా ఉంది. సాధనలో నవ్వుతూ ఎక్కిన కొండ ఇది. ఇవాళ ఎంత తొక్కినా ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకుని లాగుతున్నట్టుంది. ఆలోచన నేరుగా నా మీదికే మళ్ళింది. ఈతలో ఎక్కువ బలం పెట్టేశాను. పొద్దున్నే అంతసేపు నిలబడి వంట చెయ్యకుండా ఉండాల్సింది. ఇనుము తక్కువని డాక్టరు చెప్పింది, మాత్రలు మానేశాను. నెలసరి గాడితప్పింది. వయసు, కాలి మీద రాసే ఉందిగా. ప్రపంచంలో ప్రతిదాని మీదా అనుమానపడే నేను, ఏదైనా చెడితే తప్పు నాలోనే ఉందని మాత్రం చటుక్కున నమ్మేస్తాను. ఆ ఒక్క చోట నాకు చెకింగ్ చేతకాదు.

కొండ పైన తాడు పట్టుకుని నిలబడతారు. గడువు దాటగానే తాడు అడ్డం కట్టేస్తారు. ఆ తాడు ఇటుపక్క ఆగిపోతే నా సైకిలు అమ్మకానికి పోతుంది. అప్పటికే చేతి గడియారం చూసుకోవడం మానేశాను.

డ్రిల్లమ్మ నన్ను దాటింది. అరవై దాటిన మనిషి, ఊపిరి పీల్చినంత తేలిగ్గా తొక్కుతోంది. దాటుతూ దాటుతూ తల తిప్పింది.

"ఏమ్మా చెకింగూ, నీ వెనక చక్రం మూలుగుతోంది, వినబడటం లేదూ?"

"అది నా మోకాలనుకున్నానండీ," అన్నాను.

"మోకాలు అలా మూలిగితే ఈపాటికి డాక్టరు కోసేసేవాడు. దిగి చూడు."

దిగాను. వెనక ఎవరో తిట్టారు. రోడ్డు అంచుకు లాక్కుని, సీటు పట్టి వెనక చక్రం పైకెత్తి తిప్పాను. నిన్న సాయంత్రం నేను లోపలికెళ్ళి ఇంకో పని చూసుకుని వచ్చేదాకా తిరిగిన చక్రం, ఒక చుట్టు కూడా పూర్తికాకుండా ఆగిపోయింది. వంగి చూశాను. బ్రేకు రబ్బరు చక్రం అంచుని ఒరుసుకుంటోంది. చెయ్యి పెడితే సెగ. బ్రేకులోకి తీగె దిగేచోట చిన్న మర ఒకటుంటుంది, దాన్ని చేత్తో తిప్పి రబ్బర్లను దగ్గరికి జరపచ్చు, దూరం జరపచ్చు. ఆ మరను ఎవరో బాగా తిప్పారు. ఒకటీ అరా కాదు, చివరికంటా. మర గాట్లలో పట్టిన గ్రీజు మీద వేలు జారిన గుర్తు స్పష్టంగా ఉంది.

నేను పొద్దున బ్రేకు పట్టుకుంటోందా అనే చూశాను. వదులుతోందా అని చూడలేదు.

మర వెనక్కి తిప్పాను. అంతే, చక్రం మళ్ళీ చల్లగా తిరిగింది. ఆ తర్వాత ఆ కొండ నేనెక్కలేదు, నా కోపం ఎక్కింది. ప్రతి మలుపు దగ్గరా ఆయనతో మాట్లాడుతూనే తొక్కాను. కుళాయి బిగించారు, ఊరుకున్నాను. మంట తగ్గించారు, ఊరుకున్నాను. స్కూటరు గొంతు నొక్కారు, పదిమందిలో నవ్వాను. ఇప్పుడు నా కాళ్ళకే బ్రేకు వేశారు. 'నీ మంచికే' అంటారా? అనండి. ఇవాళ అనండి చూద్దాం. నన్ను పక్కకి జరగమన్న పిల్లల్ని ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వెళ్ళాను. వాళ్ళు నా పిక్క మళ్ళీ చదువుకున్నారు, ఈసారి ఎవరూ ఆంటీ అనలేదు. పైన తాడు పట్టుకున్నావిడ తాడు కొసని స్తంభానికి చుడుతోంది. నన్ను చూసి చుట్టడం ఆపింది. తల వంచి తాడు కిందనుంచి దూరిపోయాను.

దిగేటప్పుడు ఆ మలుపు వచ్చింది. రాళ్ళు అక్కడే ఉన్నాయి. వెనక బ్రేకు మెల్లగా నొక్కాను, పట్టుకుంది. వేళ్ళు తీశాను, వదిలింది. ఇంత చిన్న సంగతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పరుగు చెరువు చుట్టూ రెండు చుట్లు. మొదటి చుట్టులో, గట్టు మీద జనంలో ఆయన్ని వెతికాను. ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నారు. "మెల్లగా, మెల్లగా," అని అరుస్తున్నారు. ఆయన మొహంలోకి సూటిగా చూశాను, మరక వెతికినట్టు. దొంగ మొహం నాకు తెలుసు. చేతులకు వాసన రాకుండా సబ్బుతో కడుక్కున్నా కళ్ళు కడుక్కోలేరు. కానీ ఆయన మొహంలో ఏమీ లేదు. పొద్దున్నే కాఫీ దొరికిన మనిషి మొహమది. చెయ్యి ఊపారు. ఆ చేతి గోళ్ళు తెల్లగా ఉన్నాయి. గ్రీజు ముట్టుకుంటే వారం దాకా గోళ్ళలో పెట్టుకు తిరిగే మనిషి ఆయన.

ఆయన పక్కన అమ్మాయి ఉంది. జాకెట్టు జేబుల్లో చేతులు. నా కళ్ళు దాని మీద పడేసరికి చూపు చెరువు వైపు తిప్పేసింది.

రెండో చుట్టులో మళ్ళీ వాళ్ళ ముందుకు వచ్చాను. జనం పలచబడ్డారు. ఉన్నవాళ్ళంతా వెనకబడ్డ మాలాంటి వాళ్ళ కోసం చప్పట్లు కొడుతున్నారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా. ఎండ ఎక్కింది. మా అమ్మాయి చేతులు మాత్రం ఇంకా జేబుల్లోనే ఉన్నాయి.

అప్పుడు తెలిసింది నాకు. కాళ్ళు పరిగెత్తుతూనే ఉన్నాయి, మనసు మాత్రం అక్కడే ఆగిపోయింది.

గడువులోపలే ముగించాను. నా వెనక ఉన్నవాళ్ళు ఎక్కువమంది లేరు, గేటు తోరణం విప్పడానికి నిచ్చెన తెచ్చి పెట్టుకున్నారు, అయినా లోపలే. మెడలో పతకం వేశారు. ఆయన వచ్చి, "చేశావోయ్," అన్నారు, నిజంగా ఆశ్చర్యపోతూ. కారు తెస్తానని, సైకిలు తీసుకుని వెళ్ళారు. నేను గడ్డిలో కూలబడ్డాను. అమ్మాయి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని షూలు విప్పడానికి ఇక తప్పక చేతులు బయటికి తీసింది. కుడి బొటనవేలి గోటి కింద నల్లటి గీత.

"ఎప్పుడు తిప్పావు?" అన్నాను.

అది తల ఎత్తలేదు. "రాత్రి. మీరంతా పడుకున్నాక. చీకట్లో చేతికందిన తువ్వాలుకి తుడుచుకున్నా."

"నాన్న చెప్పారా?"

"నాన్నకి ఆ మర ఎక్కడుంటుందో కూడా తెలీదమ్మా. నువ్వే కదా నాకు నేర్పావు."

నేనే నేర్పాను. ఏదో ఆదివారం, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆడపిల్లకు తన సామాను తనే బాగుచేసుకోవడం రావాలని చెప్పి మరీ నేర్పాను. కోపం రావాలి నాకు. రాలేదు. పోయినేడాది అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని వణికిపోయిన పిల్ల. మళ్ళీ పడతానేమోనని భయపడి ఉంటుంది. దాని తల మీద చెయ్యి వేశాను.

"పిచ్చిదానా. నేను పడిపోతానని అంత భయమా?"

"భయమే," అంది. తలని నా చేతి కిందనుంచి జరుపుకుంది. "కానీ నీ కోసం కాదమ్మా. నీ కాలు విరిగితే వంటింట్లోకి వెళ్ళేది నాన్న కాదు. నేను."

మా పక్కన ఎవరో ఫొటో తీసుకుంటూ నవ్వుతున్నారు. అది లేసు ముడి విప్పుతూ, నాతో కాకుండా ఆ ముడితో చెబుతున్నట్టు చెప్పింది. వంటావిడ వారమే వచ్చిందట. నానమ్మతో పడలేక మానేసిందట. ఇంకొకరిని వెతుకుతానన్న నాన్న వెతకలేదట. "అమ్మకి చెప్పకు, కంగారుపడి లేచి తిరుగుతుంది, తన మంచికే," అన్నారట. పొద్దున్నే వంట, నానమ్మకి స్నానం, నీకు కంచం, నాన్నకి బాక్సు. ల్యాబు పొద్దుటిపూటే కాబట్టి వెళ్ళలేకపోయేదట. ఆ పేపరే పోయింది.

"ఉప్పు లేదన్నావు రోజూ," అంది. "నాకేం తెలుసు ఎంత వెయ్యాలో. యూట్యూబులో తగినంత అంటారు."

ముడి ఊడింది. అది షూ లాగింది.

"ఆ పేపరు వచ్చే నెల మళ్ళీ రాయాలి. ఇప్పుడు నువ్వు మళ్ళీ పడితే ఇంక నా వల్ల కాదు. బ్రేకు ఊడదియ్యలేదు కదమ్మా, బిగించానంతే. టైముకి ఎక్కలేకపోతే దిగే పనే ఉండదనుకున్నా. సైకిలు అమ్మేస్తారు, గొడవ వదిలిపోతుందనుకున్నా." షూ ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు కొండ మీద ఉన్నంతసేపూ ఆ రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పలేదు నేను," అంది.

లాటు మొత్తం చూశాననే అనుకున్నాను. ఆయన్ని చూశాను, మేనేజరుని చూశాను, నీళ్ళలో వీపు మీద ఆగిన చేతిని చూశాను. నా చేతికి రోజూ కంచం అందించిన పిల్లని ఒక్కసారి తిప్పి చూడలేదు. నేను మంచాన పడితే ఇల్లు ఆగలేదు, ఏ లోటూ తెలియలేదు. ఎందుకు తెలుస్తుంది? నా చోట్లో ఇంకో ఆడపిల్లని పెట్టి నడిపించారు. ఆ సంగతి ఆ పిల్లకీ ఇంటికీ తెలుసు, నాకు తప్ప. నేను సైకిలు దిగినా దిగకపోయినా, ఏదో ఒకరోజు నేను నిజంగానే పడతాను. మోకాలో నడుమో మాట వినడం మానేస్తుంది. ఆ రోజు కోసం ఆ వంటింట్లో దీని చోటు సిద్ధంగా ఉంది, కడిగి పెట్టిన కుక్కరులాగా, స్విచ్చి నొక్కడమే తరువాయి.

కారు హారను వినిపించింది. ఆయన దిగి వచ్చారు, మొహం వెలిగిపోతోంది. మనిషి మాట తప్పేవాడు కాదు. "మాటంటే మాటే. సైకిలు నీది, నీ ఇష్టం," అన్నారు. "నిజం చెప్పనా, రాత్రి నిద్రే పట్టలేదు. నువ్వు చీకటితోనే వెళ్ళిపోతావు, నేను లేవడం ఆలస్యమైతే కాఫీ సంగతేంటా అని." తన జోకుకి తనే నవ్వి, పతకాన్ని చేత్తో పట్టి చూశారు. "ఆఫీసు వాళ్ళకి వీడియో పంపించా. సాయంత్రం ఇంటికి రమ్మన్నాను అందరినీ, భోజనానికి. ఓ పదిమంది. ఏదో తేలిగ్గా చేసెయ్. అమ్మాయి సాయం చేస్తుందిలే."

అమ్మాయి నా షూ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అది నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పొరపాటున కూడా ఆశపడని చూపు అది. అద్దంలో ఎన్నోసార్లు చూశాను.

దాని చేతిలోంచి షూ తీసుకుని పక్కన పెట్టాను. కాళ్ళు రెండూ బారజాపుకున్నాను. పిక్క మీద వయసు చెమటకి కాస్త అలుక్కుపోయింది గానీ చదవడానికి వస్తుంది.

"పద, ఆలస్యమవుతోంది," అన్నారు ఆయన.

"వస్తాను. ముందొక మాట," అన్నాను. "నా కాలు మళ్ళీ విరిగిందనుకోండి."

ఆయన గబుక్కున నా కాళ్ళ వైపు చూశారు. "ఏమైంది? పడ్డావా?"

"పడలేదు. ఊరికే అనుకోండి. కాలు విరిగింది, వంటావిడ రాలేదు. మనకు పుట్టింది అమ్మాయి కాదు, అబ్బాయి." మా అమ్మాయి బొటనవేలిని నా గుప్పిట్లో పట్టుకున్నాను, గ్రీజు అంటితే అంటనీ అని. "ఇప్పుడు చెప్పండి, సాయంత్రం ఏం వండుతున్నారు?"